"మంచిగుంది" అన్నోళ్ళే గ్లాసులు కడగాలె

మొన్న సాయంత్రం మా మనవరాలు తన ఫోనులో ఏదో సీరియల్ ఆఖరి భాగం నాకు పక్కన కూర్చోబెట్టుకుని చూపించి, అది అయిపోగానే ఎట్లుంది అమ్మమ్మా అని అడిగితే, కళ్ళజోడు తుడుచుకుంటూ, ఏమీ ఆలోచించకుండా, మంచిగుంది అనేశాను. ఆ పిల్ల వెంటనే తెర మీద నాలుగు నక్షత్రాలు వెలిగించి, వేలితో ఇంకో సీరియల్‌లోకి జారిపోయింది. నేను మాత్రం చేసిన తప్పు తెలిసినదానిలా అటూ ఇటూ చూశాను. మా మేనమామ పోయి ఇన్నేళ్ళయినా ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే ఆయన ఎక్కడో ఒకచోట తలెత్తి చూస్తాడని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఎందుకంటే నాంపల్లిలో మా మామ ఇంట్లో "మంచిగుంది" అనే మాట నిషేధం. నేను ఆ ఇంటికి ఊరినుంచి చదువుకోడానికి వచ్చింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరం. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. స్టేషనుకు దగ్గర్లో, రైలు కూత వంటింట్లోకి కూడా వినిపించే గల్లీలో, పై అంతస్తులో రెండు గదుల కిరాయి ఇల్లు. కింద ఇంటాయన, ఆయన సంసారం. మా మామ సర్కారు దఫ్తరులో గుమాస్తా, సాయంత్రమైతే నాటకాల మనిషి. పిల్లలు లేని ఆ ఇంట్లో నేను మేనకోడలినీ, కూతురినీ, తినకుండా తప్పించుకునే కూరల విషయంలో అత్తమ్మకు శత్రువునీ కూడా.

మామ చదువంతా ఉర్దూలో సాగింది. మన తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు, నిజాం కాలంలో చదువంటే అదే కదా. దరఖాస్తు రాయమంటే ముత్యాల్లాంటి అక్షరాలతో ఉర్దూలో రాసేవాడు గానీ, తెలుగు మాత్రం ఇంట్లో మాట్లాడే భాషే తప్ప చదువుకున్నది కాదు. నాటకాల మీద మోజు పుట్టాక, పాతికేళ్ళు దాటిన వయసులో, పలకా బలపం పట్టినంత పని చేసి నేర్చుకున్నాడు. ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరిచేవాళ్ళ దగ్గర ఒక నిఘంటువు కొనుక్కొచ్చాడు. ఇంటికొచ్చి తెరిచి చూస్తే అచ్చుల పేజీలన్నీ ఎవరో చింపేశారు, "క" నుంచి మొదలు. మళ్ళీ పోయి అడగడానికి మొహమాటపడి అట్లాగే వాడుకున్నాడు. అత్తమ్మ పెళ్ళికి ముందు వాళ్ళ ఊరి గ్రంథాలయంలో పుస్తకాలన్నీ చదివేసిన మనిషి కాబట్టి అచ్చులతో మొదలయ్యే మాట ఏది కావాలన్నా ఆమెనే అడిగేవాడు. మా ఇంట్లో హల్లులు మామవి, అచ్చులు అత్తమ్మవి అని నేను వేళాకోళం చేస్తే ఆమె గరిటె చూపించేది.

అంత కష్టపడి ఒక్కొక్క మాట సంపాదించుకున్నవాడు గనకనే, చేతికందిన మాట వాడేస్తే ఆయనకు మండేది. నాటకం చూసొచ్చిన మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ ముగ్గురం దాని గురించి మాట్లాడాలి. ఎవరైనా మంచిగుంది అన్నారో, ఆ పూట చాయ్ గ్లాసులన్నీ వాళ్ళే కడగాలి. చెత్తగుంది అన్నా అదే శిక్ష. ఏం మంచిగుంది, ఎక్కడ మంచిగుంది, దానికి సరిపడే మాట దొరికేదాకా గ్లాసు కింద పెట్టడానికి లేదు. ఒకసారి ఒక పౌరాణికంలో రాజు వేషగాడి గురించి అత్తమ్మ, "సింహాసనం మీద గూడ కిరాయింట్ల కూసున్నట్టే కూసుండు," అన్నది. మామ చాయ్ పొలమారి, నవ్వి నవ్వి, ఆ పూట గ్లాసులు తనే కడిగాడు, ఎవరూ అడక్కుండానే. నేను తొమ్మిదేళ్ళప్పుడు, గొంతు చించుకుని అరిచిన ఒక రాక్షసుడి గురించి, మస్తు ఒర్లిండు గని భయమైతే కాలేదు అన్నానట. ఆ మాటను ఆయన నా పెళ్ళిలో కూడా వియ్యాలవారికి చెప్పాడు.

ఆ చాయ్ దగ్గరే నా చదువు జరిగిందని ఇప్పుడు అనిపిస్తుంది. తర్వాత బడిలో పంతులమ్మనయ్యాను, పెళ్ళై హిమాయత్‌నగర్ వెళ్ళాను, కథలు రాసి ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన ఉండే వారపత్రికకు పంపడం మొదలుపెట్టాను. ఆ సంపాదకుడు గారు నా కథలు ఒక్కటీ వేయలేదు గానీ, హైదరాబాదుకు టీవీ వచ్చిన కొత్తలో ఒకరోజు పిలిచి, అమ్మా, మీ కథల్లో కథ తక్కువ, తప్పులెన్నడం ఎక్కువ, వారం వారం టీవీ నాటకాల మీద రాస్తారా అని అడిగారు. మా ఇంట్లో టీవీ లేదని చెప్పలేదు. ఒప్పుకుని కిందికి దిగి, నాంపల్లి దాకా నడుస్తూ ఆలోచించాను, ఎవరింట్లో చూడాలా అని.

చూసింది మామ ఇంటి కిందనే. గల్లీ మొత్తానికి ఇంటాయన దగ్గరే టీవీ ఉండేది. కర్ర పెట్టె, దానికి రెండు జారుడు తలుపులు, తలుపులకు తాళం, తాళం మీద ఆయన భార్య అల్లిన లేసుగుడ్డ. నాటకం ఉన్న సాయంత్రం గల్లీ అంతా అక్కడే. గుమ్మం బయట చెప్పుల గుట్ట, లోపల చాప మీద ఆడవాళ్ళు, కిటికీ అంచున మగవాళ్ళు, అందరికంటే ముందు పిల్లలు. అక్కడ కూర్చుని కాగితం తీసి రాసుకుంటే బాగుండదు కాబట్టి అంతా మనసులో పెట్టుకుని, పైకి వెళ్ళి మామ ముందు ఒప్పజెప్పేదాన్ని. మిగతా పత్రికల్లో విమర్శలంటే ఫలానావారు పాత్రకు న్యాయం చేశారు, ఫలానావారు సందర్భోచితంగా నటించారు, అంతే. అవి చదివినప్పుడల్లా మామ, "న్యాయం జేసెటందుకు ఆయనేమన్న మున్సిఫా?" అని పేపరు మడిచి పక్కన పెట్టేవాడు. నా రాతలో అట్లాంటి మాట ఒక్కటి దొర్లినా గ్లాసులు నా నెత్తినే.

ఇట్లా కొన్ని నెలలు హాయిగా సాగాక, మామకే టీవీ నాటకంలో వేషం వచ్చింది.

ఎంత సంబరమో! ముప్పై ఏళ్ళు రంగస్థలం మీద, చాలాసార్లు మైకు కూడా లేని హాళ్ళలో, దఫ్తరు అయ్యాక ఉత్త కడుపుతో రిహార్సళ్ళు వేసిన మనిషి. రిటైరు కావడానికి ఇంకా ఏడాదో ఏమో ఉంది. దఫ్తరులో ప్యూను నుంచి పెద్ద సాబు దాకా అందరికీ చెప్పుకున్నాడు. వేషం చిన్నదేం కాదు: పాత గోడగడియారాన్ని ఇంట్లోవాళ్ళు తీసేద్దామంటే వద్దని పట్టుబట్టే రిటైరైన స్టేషన్ మాస్టరు. నాటకమంతా ఒకే గదిలో, నలుగురి మధ్య. అత్తమ్మ సుల్తాన్ బజార్ పోయి కొత్త పంచె తెచ్చి, తెర మీద తెలుపు మెరుపు కొడుతుందట అని టీవీవాళ్ళు పాతది కట్టుకోమంటే, ఆ కొత్తది బీరువాలో దాచింది. షూటింగు నుంచి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. మంచినీళ్ళు తాగి, "కెమెరా ముంగట నిలబడితే గాడ ఎవ్వలు లేరు బిడ్డా. నవ్వెటోడు లేడు, దగ్గెటోడు లేడు," అన్నాడు. నాకు బస్సు టైమైంది, సరే మామా అని దిగి వెళ్ళిపోయాను.

నాటకం వచ్చిన సాయంత్రం ఇంటాయన హాలులో కాలు పెట్టడానికి చోటు లేదు. మామ ముందుకు రమ్మంటే రాకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర మీద తలుపు తోసుకుని వచ్చి, మొదటి మాట అన్నాడు చూడండి, కిటికీ అద్దం అదిరింది. ఇంటాయన లేచి వెళ్ళి గొంతు తగ్గించే మీట తిప్పాడు. వెంటనే కోడలి పాత్ర వేసినావిడ ఏదో అంటే అది ఎవరికీ వినపడలేదు, మళ్ళీ పెంచాడు. మళ్ళీ మామ. మళ్ళీ తగ్గించాడు. పాపం ఆయన నాటకమంతా ఆ మీట దగ్గరే నిలబడిపోయాడు, అన్నం దగ్గర ఈగలు తోలేవాడిలాగా.

అది ఒక్కటే అయితే ఫరవాలేదు. స్టేజీ నాటకాల్లో పక్క తెర చాటున ప్రాంప్టరు కూర్చుని మాట అందిస్తాడని మీకు తెలుసు. మామకు సంభాషణలన్నీ నోటికి వచ్చు, అయినా ముప్పై ఏళ్ళ అలవాటు: మాట మొదలుపెట్టేముందు కుడి చెవి కొద్దిగా అటువైపు వంచుతాడు. హాలులో ఎవరికీ కనపడేది కాదు. ఈ పెట్టెలో మనిషి ముఖం కంచమంత కనిపిస్తుంది. ప్రతి మాటకు ముందూ ఆయన తల కుడివైపుకు ఒరుగుతుంటే, ముందు కూర్చున్న పిల్ల ఒకతె, గా తాతకు చెవుడా అని గట్టిగా అడగనే అడిగింది. వాళ్ళమ్మ దాని నోరు మూసింది. నేను వెనక్కి తిరిగి తలుపు వైపు చూడలేకపోయాను.

అయిపోయింది. లైటు వేశారు. మంచిగుంది, మంచిగుంది, మస్తు మంచిగుంది అని గల్లీ అంతా అన్నది, ఒక్కరూ ఆయన కళ్ళలోకి చూడకుండా. మామ అందరికీ దండం పెట్టి, నా వైపు చూశాడు. ఆయన అడగలేదు. మా ఇంటి పద్ధతిలో అడగాల్సిన పని లేదు కూడా. పేపర్ల రాస్త మామా అన్నాను.

"ఔ, రాయి," అన్నాడు. "గని నా అక్క బిడ్డ లెక్క రాయకు. పేపరోల్ల లెక్క రాయి."

గల్లీ చివరిదాకా అత్తమ్మ నాతో వచ్చింది. రిక్షా ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "జర సూసి రాయి బిడ్డా. గా మనిషికి నాటకమే పానం," అన్నది. ఇద్దరూ రెండు వైపులా లాగుతుంటే నేనేం చెయ్యను? రిక్షాలో హిమాయత్‌నగర్ దాకా ఏడ్చుకుంటూ వెళ్ళాను, నిజం చెప్పడానికి సిగ్గేముంది. నన్ను మాటలు వెతకమని నేర్పిన మనిషికే మాట వెతకాల్సి వచ్చింది. సరైన మాట రాస్తే ఆయన గుండె పగులుతుంది, తప్పు మాట రాస్తే ఇంకా ఎక్కువ పగులుతుంది.

మర్నాడు సాయంత్రానికి రాత ఇవ్వాలి. బడి అయ్యాక ఆబిడ్స్ వెళ్ళి, ఆ చెప్పుల దుకాణం పక్క మెట్లెక్కి, పొడుగు బల్ల చివర కూర్చున్నాను. సంపాదకుడు గారికి సంగతి తెలుసు. పెద్దమనిషి, దగ్గరకొచ్చి, "మీ మేనమామగారే కదమ్మా, ఈ వారం వదిలెయ్యండి. ఆ చోట్లో వంటల శీర్షిక వేసుకుంటాను," అన్నారు. ఆ క్షణాన వంకాయ కూర మీద నాకు కలిగినంత ప్రేమ మళ్ళీ ఎన్నడూ కలగలేదు. కానీ వదిలేస్తే ఏమవుతుంది? మామ ఆ పత్రిక తెరిచి, నా శీర్షిక లేకపోవడం చూసి, నేను మంచిగుంది అన్నానని అర్థం చేసుకుంటాడు. వద్దండి, రాస్తాను అన్నాను.

అతి నటన అని రాశాను. నిజమే, కానీ అది రోడ్డున పోయేవాడు కూడా అనే మాట, పైగా ఆయన అతి చేసే మనిషి కాడు. కొట్టేశాను. రంగస్థలానుభవం అడుగడుగునా కనిపించింది అని రాశాను. అది శాలువా కప్పి చెంపదెబ్బ కొట్టడం. కొట్టేశాను. కృత్రిమం, గాంభీర్యం, తడబాటు, అన్నీ వరసగా వచ్చాయి, ఒక్కటీ ఆయన ముఖానికి అతకలేదు. బట్టల దుకాణంలో చీరలన్నీ దింపించి ఒక్కటీ నచ్చక లేచిపోలేని దానిలా కూర్చున్నాను. ఇంతలో కరెంటు పోయింది. కింద గడగడమంటున్న ప్రెస్సు ఆగిపోయి, ఆ మేడంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో, బల్ల అవతల, సంపాదకుడు గారు చిన్నగా దగ్గారు.

దగ్గెటోడు లేడు.

నేను బస్సు కోసం పరుగెత్తుతూ విన్న ఆ మాట అప్పుడు చెవిలో పడింది. ఇన్నేళ్ళు ఆయన ఎవరి కోసం అరిచాడు? ఆఖరి బెంచీలో బఠానీలు నములుతూ కూర్చున్నవాళ్ళ కోసం. వాళ్ళు నవ్వితే ఆగి, దగ్గితే గొంతు పెంచి, వాళ్ళను తోడు చేసుకుని నడిచాడు. పక్కన మాట అందించే నేస్తం కూడా ఉండేవాడు. ఇప్పుడు ఎవరూ లేని గదిలో నిలబెట్టి నటించమన్నారు. ఆయన అరిచింది కనపడని ఆ బెంచీల కోసం, చెవి వంచింది లేని నేస్తం కోసం. నేను వెతుకుతున్నది నటనకు సంబంధించిన మాటే కాదు. ఒంటరి. మామ ఆ పెట్టెలో ఒంటరి అయిపోయాడు.

కిటికీ వెలుతురులో ఏకబిగిన రాసేశాను. ఈ నటుడి గొంతు ఆ గదికి ఎక్కువైంది, ప్రతి మాటకు ముందు ఆయన చెవి పక్కకు ఒరిగింది, కాబట్టి స్టేషన్ మాస్టరు మనకు కనపడలేదు, నటుడే కనపడ్డాడు అని ఉన్నదున్నట్టు రాశాను. ఆ కింద, "ఇన్నేళ్ళూ ఆఖరి బెంచీని మరవని మనిషి ఈయన. టీవీలో ఆఖరి బెంచీ లేదు, అందరూ మొదటి వరుసే. తనవాళ్ళు ఎక్కడా కనపడక ఈయన ఆ పెట్టెలో ఒంటరివాడైనాడు," అని రాసి, మళ్ళీ చదవకుండా ఇచ్చేశాను.

పత్రిక వచ్చాక రెండు రోజులు నాంపల్లి వైపు వెళ్ళలేదు. అత్తమ్మ దగ్గరనుంచి కబురూ లేదు. ఆదివారం పొద్దున ఇక ఉండబట్టలేక వెళ్ళాను. అత్తమ్మ చాయ్ పెట్టింది. మామ ఆబిడ్స్ పేవ్‌మెంటు నుంచి అప్పుడే వచ్చాడు, చంకలో పత్రిక. కూర్చుని, దాన్ని విప్పి, నా వైపు చూడకుండా, నువ్వొచ్చినంక మీ అత్తమ్మకు నేనే సదివి ఇనిపిస్తనని ఆపిన, అన్నాడు.

చదవడం మొదలుపెట్టాడు, ఎప్పటిలాగే స్టేజీ గొంతుతో. గల్లీలో వెళ్ళేవాళ్ళు తలెత్తి చూసి ఉంటారు. గొంతు ఎక్కువైంది అన్న చోట కూడా అదే గొంతు. చెవి సంగతి కూడా అట్లాగే చదివాడు. ఆఖరి బెంచీ దగ్గరికి వచ్చేసరికి కొద్దిగా తగ్గింది. "ఒంటరివాడైనాడు" అన్నది చదివినప్పుడు, ఆ చిన్న గదిలో, మా ఇద్దరికి మాత్రమే వినపడింది. ఆయన అంత మెల్లగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గీ మాట మన నిఘంటువుల లేదు బిడ్డా," అన్నాడు. నిజమే, అది చిరిగిపోయిన పేజీల్లోది. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయి, తల ఊపి అన్నాడు.

"మంచిగుంది."

అత్తమ్మ, నేను ముఖముఖాలు చూసుకున్నాం. ఆమె పెదాలు బిగబట్టుకుంది గానీ ఆగలేకపోయింది. "ఇగ గ్లాసులు ఎవ్వలు కడగాలె?" అన్నది. మామ కళ్ళు తుడుచుకుంటూ లేచి, మూడు గ్లాసులూ ఒక చేత్తోనే పట్టుకుని, నల్లా దగ్గరికి నడిచాడు. గుండె మీదినుంచి బండ దిగిపోయింది అంటారే, అది మాట వరసకు అనేది కాదని నాకు ఆ పొద్దున తెలిసింది. నేను గోడకు ఒరిగి నవ్వాను, ఏడ్చాను, చల్లారిపోయిన చాయ్ వాసన కూడా నాకు హాయిగా అనిపించింది. నీళ్ళ చప్పుడు మధ్యనుంచి ఆయన, రెండో పేరాలో "కాబట్టి" ఎక్కువైంది అని అరిచాడు, ఆఖరి బెంచీకి వినపడేటట్టు.

టీవీవాళ్ళు తర్వాత ఇంకోసారి పిలిస్తే వెళ్ళలేదు. నాకు దగ్గెటోళ్ళు కావాలె అని చెప్పి, తన నాటక సమాజంతో పాటే ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం హాళ్ళలోనే ఆడాడు. అలిగి మానుకున్నాడని నేను భయపడకుండా, ఆ సంగతి నాకు రెండుసార్లు ప్రత్యేకంగా చెప్పాడు కూడా. నా శీర్షిక చాలా ఏళ్ళు సాగింది. ఎందరినో మెచ్చుకున్నాను, నొప్పించాను, కానీ రాసింది ఇచ్చేటప్పుడు మళ్ళీ ఎన్నడూ అంత భయపడలేదు. మామే తట్టుకున్నాడు, ఇంకెవరికి భయపడాలి?

ఇప్పుడు ఆ గల్లీకి వెళ్తే పోల్చుకోలేం. ఆ చెప్పుల దుకాణం మెట్లెక్కితే పైన ఏం అమ్ముతున్నారో నాకు అర్థం కాలేదు. మామ గొంతెత్తిన హాళ్ళు కొన్ని పెళ్ళిళ్ళకు పోయాయి, కొన్ని పూర్తిగానే పోయాయి. నటులకు మాత్రం ఇప్పుడు చెప్పనక్కరలేదు, కెమెరా ముందు ఊపిరి పీల్చినట్టు నటిస్తారు, నేను కళ్ళారా చూసి మెచ్చుకుంటాను. మారిపోయింది ఇటువైపు. అప్పుడు పెట్టెలోని మనిషి ఒంటరివాడైతే చూసే మేము గదినిండా ఉన్నాం, మీట తిప్పేవాళ్ళం, నోళ్ళు మూసేవాళ్ళం, దగ్గేవాళ్ళం. ఇప్పుడు మా ఇంట్లోనే నలుగురం నాలుగు మూలల, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నాలుగు వేరు వేరు కథలకు నక్షత్రాలు వేస్తున్నాం. మామ నిఘంటువులో లేని ఆ మాట ఎక్కడికీ పోలేదు, మా వైపుకు వచ్చి కూర్చుంది.

మొన్న సాయంత్రం నేను లేచి, బల్ల మీది చాయ్ గ్లాసులు తీసుకుని నల్లా దగ్గరికి వెళ్తే, మా మనవరాలు చెవిలోని వైరు తీసి, ఉండు అమ్మమ్మా, పనామె వస్తుంది కదా, నువ్వెందుకు అన్నది. చెప్తాను రా, ఇట్లా వచ్చి నిలబడు అన్నాను. ఆ పిల్ల ఫోను బోర్లించి వచ్చి నా పక్కన నిలబడింది.